కంటితో తిప్పిన పేజీలు

కంటిచూపుతో పేజీ తిప్పే యంత్రం ఒకటి ఒక ఎండాకాలమంతా నా ప్రాణం తీసింది. దాని మీద నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు. దాన్ని తయారుచేసిన మా తమ్ముడు ఎప్పుడో మరిచిపోయి హాయిగా ఉన్నాడు. అప్పట్లో వాడు పుత్తూరు దారిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు. నేను తిరుపతిలో మా ఇంట్లోనే పిల్లలకు వయొలిన్ నేర్పేదాన్ని. రెండువేల ఆరో ఏడో, సరిగ్గా గుర్తులేదు. నాకు నలభై ఎనిమిది నిండాయి, చత్వారం వచ్చింది, ఓపిక అంతకుముందే పోయింది.

నాకు వయొలిన్ నేర్పింది కార్వేటినగరంలో ఉండే అయ్యవారు. మా నాయనకు ఆ ఊరి బడిలో ఉద్యోగం కావడంతో పదో ఏట ఆయన దగ్గర చేరాను. ఆయన పద్ధతి ఒకటుంది. పాఠం జరిగినంతసేపూ మన చూపు ఆయన మొహం మీదే ఉండాలి. తీగల మీద వేళ్ళు చూసుకుంటే "వేళ్ళు యాడికీ పారిపోవు లే, నన్ను సూడు" అనేవారు. వాద్యం మోగుతుండగా ఆయన నోరు విప్పరు, ఇంకొకరిని విప్పనివ్వరు. బాగుంటే తల ఒక్కసారి కిందికి ఆడించేవారు. తప్పుంటే ఎడమచేతి చూపుడువేలు పైకెత్తేవారు. వేలు లేచిందంటే ఆపేయాలి, ఆ చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. రాగం మారేచోట ఆయన తల ఆడితేనే కొత్త రాగంలోకి పోవాలి. ఎనిమిదేళ్ళు అలాగే నేర్చుకున్నాను. ఆయన ఎప్పుడూ నాకు కుడిపక్కన, కిటికీ దగ్గర పడక్కుర్చీలో కూర్చునేవారు. అందుకే ఆ తర్వాత ఎక్కడ కచేరీ చేసినా, రాగం మారేచోట నా చూపు దానంతటదే కుడిపక్కకు పోయేది.

నేను చెప్పే ఎండాకాలానికి ఆయనకు ఎనభై దాటాయి. కుడిచెయ్యి వణికేది, కమాను పట్టు నిలిచేది కాదు. కాఫీ తాగిన గ్లాసు చేతిలో పెట్టుకునే కాఫీ ఇంకా రాలేదేమని అడిగేవారు. చెవి మాత్రం చెక్కుచెదరలేదు. వీధిలో పోయే సైకిల్ బెల్లు ఏ స్వరంలో మోగిందో చెప్పేవారు.

ఆయన ఒక రాగమాలిక కట్టారు. ఇరవై నాలుగు రాగాలు. నాటలో మొదలై మధ్యమావతిలో ముగుస్తుంది. మధ్యలో ఎక్కడా కమాను ఆపే చోటు లేదు. ఒక రాగం ఆఖరి స్వరమే తర్వాతి రాగానికి మొదటి స్వరం. ఇరవై ఏళ్ళపాటు తోచినప్పుడల్లా కొంచెం కొంచెంగా పొడుగు నోటుబుక్కులో రాసుకున్నారు. మొత్తం ముప్పై నాలుగు పేజీలు. ఒక ఆదివారం నేను చూడబోతే ఆ పుస్తకం నా ఒళ్ళో పెట్టారు.

"ఏమ్మే, దీన్ని ముక్కలు ముక్కలుగా రాసినా. యాడో ఒక చోట అతుకు సరిగ్గా పడలా. యాడనేది దొరకలా. మొదుటి నుంచి కడాకు ఒక్కతూరి నా చెవిలో పడితే తెలిసిపోతాది. అది సరిచేసుకుంటే ఇంగ నాకు వేరే పని లేదు."

"మూన్నెల్లు టైమియ్యండి అయ్యవారూ. కంఠస్థం చేసి వాయిస్తా" అన్నాను.

"వద్దు. నువ్వు మనసులో పెట్టుకోని వాయిస్తే తప్పుండే చోట నీ చెయ్యే సర్దేస్తాది. కాయితంలో ఉండేది ఉన్నట్టు వాయించు. మూన్నెల్లకు నేను ఉంటానో లేదో, ఉన్నా ఇది జ్ఞాపకం ఉంటాదో లేదో."

పుస్తకం చూసి వాయిస్తే దాన్ని లాక్కుని వీధిలో పారేసిన మనిషి ఆయన. అలాంటి మనిషి నోటితో కాగితం చూసి వాయించమనడం విని నాకు భయం వేసింది. ఆయన ఎంత తొందరలో ఉన్నారో ఆ మాటతోనే తెలిసింది.

వాయించడానికి నాకు రెండు చేతులూ కావాలి. మరి పేజీ ఎవరు తిప్పాలి? నా శిష్యుల్లో ఒకరిని తెస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. తప్పున్న కృతిని సంగీతం తెలిసిన ఇంకో చెవి వినకూడదన్నారు. మా తమ్ముడిని తీసుకొస్తానంటే మాత్రం సరేనన్నారు. "వానికి స ఏదో ప ఏదో తెలీదు. వాడుంటే కుర్చీ ఉన్నట్టే. ఉండనీ."

ఆ కుర్చీ నా కొంప ముంచింది. ఎక్కడ వాయిస్తున్నానో వాడికి తెలియదు కాబట్టి తల ఊపితే పేజీ తిప్పమని చెప్పాను. నేను రాగంలో లీనమై తల ఊపితే తిప్పేశాడు. నిజంగా ఊపినప్పుడు, అక్క ఆనందంలో ఉందిలే అనుకుని ఊరుకున్నాడు. మూడో రాగం దాటలేదు. అయ్యవారు వేలెత్తి, ఆ ఎత్తిన వేలితోనే మా ఇద్దరికీ గుమ్మం చూపించారు. వేలెత్తింది పొమ్మనడానికేనని వాడు అనుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో వాడు గమ్మునున్నాడు. అది నాకు మంచి శకునంగా తోచలేదు. వాడు గమ్మునుంటే ఏదో తయారుచేయబోతున్నాడని అర్థం.

"అక్కా, కాలితో నొక్కే మీట పెడితే?"

"రేయ్, కాలు కూడా ఖాళీ లేదురా. కింద కూర్చుంటే కుడి మడమ మీదే కదా వయొలిన్ తల ఆనించేది. కాలు కదిలితే వాద్యం కదులుతాది."

"పోనీ, టైం పెట్టి దానంతటదే తిరిగేట్టు చేస్తే?"

"గడియారాన్ని చూసి వాయించమంటావా ఏందిరా?"

నా మొహంలోకి తేరిపార చూసి, "కండ్లు ఖాళీనే గదా" అన్నాడు.

రెండు వారాల్లో తయారుచేశాడు. అయ్యవారి పుస్తకం పేజీలన్నీ స్కాన్ చేసి ల్యాప్‌టాప్‌లో ఎక్కించాడు. ల్యాప్‌టాప్ మూతకు చిన్న కెమెరా తగిలించాడు. ఆ కెమెరా నా కంటి నల్లగుడ్డును పట్టుకుంటుంది. తెర మీద కుడివైపు అంచుకు చూపు పోయి ఒక్క క్షణం ఆగితే తర్వాతి పేజీ వస్తుంది. ఎడమవైపుకు పోతే వెనకటి పేజీ. చేతులతో పనిలేదు, కాళ్ళతో పనిలేదు. వాడు తనే కూర్చుని చూపించాడు. పేజీలు చక్కగా తిరిగాయి. వాడి చేతిలో వయొలిన్ లేదు కదా, ఎందుకు తిరగవు!

నేను కూర్చున్నాక మొదలైంది సంత. మొదటిరోజు పేజీలు వాటంతటవే పిచ్చెక్కినట్టు తిరిగిపోయాయి. ఏందిరా ఇది అని చూస్తే, నా నుదుటి మీది నల్ల స్టిక్కర్ బొట్టును కూడా అది కన్నే అనుకుంటోంది. వాడి యంత్రం కోసం నలభై ఎనిమిదేళ్ళ వయసులో బొట్టు తీసి కూర్చున్నాను. తర్వాత కళ్ళజోడు. అద్దాల మీద కిటికీ వెలుగు పడి కళ్ళు కనబడటం లేదన్నాడు. జోడు తీస్తే నాకు అక్షరం కనబడదు. అక్షరాలు పెద్దవి చేశాడు. దాంతో తెరకు నాలుగు వరుసలే పట్టాయి, ముప్పై నాలుగు పేజీలు తొంభై రెండు అయ్యాయి.

"కండ్లు మూయొద్దక్కా!" అని ఒకటే గోల. గమకం లాగేటప్పుడు కళ్ళు మూతపడతాయి. కళ్ళు మూసుకుని లాగమని ఎవరూ నేర్పరు, అదంతే. కళ్ళు మూతపడితే యంత్రం వాటిని పోగొట్టుకునేది. మళ్ళీ తెరిచేసరికి నేను తోడిలో ఉంటే తెర కాంభోజిలో ఉండేది. ఫ్యాను గాలికి కళ్ళు ఆర్పితే తిప్పేది. ఫ్యాను ఆపి, మే నెల తిరుపతి ఎండలో, చెమట కంట్లోకి కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి లేక వాయించాను. చెమట పడి కన్ను మండితే దానికీ తిప్పేది.

"నీది కాదురా, నాది తిక్క" అని కమాను పక్కన పడేశాను, ఒకరోజు కాదు, చాలారోజులు.

వీటన్నిటినీ ఎలాగో దాటాం. దాటలేనిది ఒక్కటే మిగిలింది. రాగం మారిన ప్రతిచోటా నా చూపు తెరలోంచి బయటపడి కుడిపక్కకు పోయేది. అక్కడ మా ఇంట్లో ఎవరూ లేరు. బియ్యం డబ్బా ఉంది. అయినా పోయేది. యంత్రానికి కుడి అంచును చూసినా, అంచు దాటి చూసినా ఒకటే. పేజీ తిరిగేది. ఇరవై నాలుగు రాగాలు, ఇరవై మూడు మార్పులు. ప్రతి మార్పు దగ్గరా పేజీ గల్లంతు.

తమ్ముడితో కార్వేటినగరం వెళ్ళి అయ్యవారినే చోటు మారమని అడిగాను. ఎడమపక్క కూర్చుంటే పేజీ వెనక్కి పోతుంది. అందుకని తమ్ముడు, "పెద్దాయన తెర ఎనకాల కూసుంటే అక్క చూపు నేరుగా ఉంటాది" అన్నాడు.

"నా ఇంట్లో నేను డబ్బా ఎనకాల కూసోవాల్నా?" అన్నారు అయ్యవారు. ఆ విషయం మళ్ళీ ఎత్తే ధైర్యం మాకు లేకపోయింది.

ఇంక మిగిలింది నన్ను నేను మార్చుకోవడమే. తమ్ముడు నన్ను చిన్నపిల్లను తిట్టినట్టు తిట్టేవాడు. "ఆడేముండాదక్కా, ఊరికే అట్ల సూస్తావు? తెర సూడు, తెర!" నేనూ తిట్టేదాన్ని. "ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటురా, నువ్వు పుట్టేటప్పటికే ఉండాది." అది అలవాటని మాత్రమే చెప్పాను. అక్కడ నేను ఏం చూస్తానో, ఎందుకు చూస్తానో చెప్పలేదు. వాడు అడగలేదు.

చివరికి ఒక ఉపాయం దొరికింది. వంటగది నాకు కుడిపక్క. పొయ్యి మీద పప్పు కుక్కర్ పెట్టి వాయించడానికి కూర్చునేదాన్ని. విజిల్ వస్తే ఏ ఆడదానికైనా తల అటు తిరుగుతుంది. తిప్పకుండా ఉండటమే సాధన. మొదటివారం ప్రతి విజిల్‌కూ ఓడిపోయాను. రెండోవారం రెండింటికి ఒకటి. జూన్ మొదట్లో ఒకరోజు వాయించడం పూర్తిచేసి లేచేసరికి ఇల్లంతా మాడు వాసన. పప్పు బొగ్గయింది, కుక్కర్ అడుగు పోయింది. ఒక్క విజిల్ కూడా నాకు వినబడలేదు. తొంభై రెండు పేజీలూ వరుసగా తిరిగాయి. తమ్ముడికి ఫోన్ చేసి, పప్పు మాడిందిరా అని గర్వంగా చెప్పాను. వాడు ఎగిరి గంతేశాడు.

ఆ ఆదివారమే వెళ్ళాం. కాలేజీ వాళ్ళ దగ్గర బతిమాలి కారు తెచ్చాడు. అయ్యవారు ఉతికిన పంచె కట్టుకుని, పొద్దున్నే పడక్కుర్చీలో కూర్చుని ఉన్నారు. కాఫీ వద్దన్నారు. ఆరోజు చాలా తేటగా ఉన్నారు. "ఈపొద్దు దొరకబట్టాల" అన్నారు, తనలో తను అనుకున్నట్టు. తమ్ముడు నా ఎదురుగా పీట మీద ల్యాప్‌టాప్ పెట్టి, దానికి తీగతో తగిలించిన, కెమెరాలో నా కళ్ళు కనబడే ఇంకో చిన్న తెర చేత్తో పట్టుకుని గోడవారగా కూర్చున్నాడు. నేను బొట్టు తీశాను, కళ్ళజోడు తీశాను, నాట ఎత్తుకున్నాను.

ఎంత బాగా జరిగిందో చెప్తే నాకే ఒళ్ళుమంట. ఒక్క పేజీ తప్పలేదు. మొదటి రాగం మారినప్పుడు మెడ నరాలు కుడికి లాగాయి, నిలబెట్టాను. అయిదో రాగానికి లాగడం మానేశాయి. పేజీ అయిపోతుంటే చూపు అంచుకు పోవడం, కొత్త పేజీ రావడం, నా కమాను ఆగకపోవడం, అన్నీ ఒక్కటైపోయాయి. శహాన వచ్చింది, వెళ్ళింది. ముఖారి వచ్చింది. నాకు లోపల ఒకటే సంబరం. ఈ యంత్రాన్ని నేను గెలిచాను అనుకున్నాను. ఆయన కృతి ఎలా ఉందో కూడా నిజానికి నేను వినలేదు. ముప్పావుగంట తర్వాత మధ్యమావతి ఆఖరి స్వరం మీద కమాను పూర్తిగా లాగి, దించి, అప్పుడు తలతిప్పి ఆయన్ని చూశాను.

ఎడమచెయ్యి కుర్చీ చేతి మీద ఉంది. చూపుడువేలు ఇంకా సగం లేచే ఉంది. వణుకుతోంది.

"ఎంతసేపని ఎత్తుకోనుండేది మే?" అన్నారు.

వయొలిన్ ఒళ్ళోంచి దించి కింద పెట్టాను. "యాడ అయ్యవారూ? ఏం తప్పు?"

"దొరికింది. శానా చిన్నది. రెండే స్వరాలు. అవి మార్చి ఇట్ల..." అని ఆగారు. కళ్ళు మూసుకున్నారు. పెదాలు కదిలాయి. వేలు గాలిలో ఏదో రాసింది. చాలాసేపటికి కళ్ళు తెరిచి నన్ను చూశారు.

"పోయింది" అన్నారు. "మోసుకోని మోసుకోని వచ్చినా. మధ్యమావతి దాకా ఉండింది. ఇప్పుడు లేదు."

"నేను చూసినా" అన్నాడు తమ్ముడు గోడ దగ్గర్నుంచి. "అరవై ఒకటో పేజీ అప్పుడు వేలెత్తినాడు. తాళం ఏమో అనుకుంటి."

వాడిని లాగి ఒకటి కొట్టాలనిపించింది. కానీ వాడికి తెలియదనే కదా రానిచ్చింది. వేలు సంగతి చెప్పాల్సినదాన్ని నేను. అన్ని వారాలు బొట్టు గురించి, ఫ్యాను గురించి కొట్లాడుకున్నాం గానీ ఈ ఒక్కమాట చెప్పలేదు. అయ్యవారి మీద కూడా కోపం వచ్చింది. ఒక్క కేక వేసి ఉండొచ్చు కదా! వేయరు. ఇరవై ఏళ్ళు మోసిన పని చేయి జారిపోతున్నా సరే, మోగే వాద్యం మీద ఆయన నోరు విప్పరు. తొమ్మిది రాగాలపాటు వేలెత్తుకుని, నేను చూస్తానని నమ్మి కూర్చున్నారు. నేను చూస్తానని ఎందుకు నమ్మారంటే, ఆ అలవాటు నాకు నేర్పింది ఆయనే.

అరవై ఒకటో పేజీ మళ్ళీ వాయించాను. శహాన నుంచి ముఖారిలోకి పోయే అతుకు. పదిసార్లు వాయించాను. ఆయన ప్రతిసారీ శ్రద్ధగా విని, "ఇది బాగానే ఉండాదే" అన్నారు. మొదటినుంచి వచ్చే ఊపులో తప్ప ఆ తప్పు వినబడదు. ముందు రాగాలన్నీ దాటివస్తేనే తెలుస్తుంది. మళ్ళీ మొదలుపెడదామంటే అలసిపోయానన్నారు. తర్వాతి ఆదివారం మొదటినుంచి వాయించాను, ఈసారి ఆయన్నే చూస్తూ. యంత్రం పేజీలన్నీ ఎగరేసింది, ఆరో రాగంలో కృతి తెగిపోయింది. ఆ తర్వాతి వారం కెమెరా మూసిపెట్టి, తమ్ముడి చేత మీట నొక్కించాను. కళ్యాణి దగ్గర అయ్యవారు నిద్రపోయారు. అప్పటికి అన్నిసార్లు వాయించీ వాయించీ కృతి మొత్తం నాకు కంఠస్థం వచ్చేసింది. కాగితం లేకుండా, ఆయన మొహం మీంచి చూపు తీయకుండా ఒకసారి మొత్తం వాయించాను. ఆయన మొదటినుంచి చివరిదాకా మెలకువగానే ఉన్నారు. తల ఆడిస్తూనే ఉన్నారు. వేలు లేవలేదు. ఆయన ముందే చెప్పారు, నా చెయ్యి సర్దేస్తుందని. ఏ స్వరం ఎక్కడ సర్దిందో నాకు తెలియదు.

"ఆపొద్దు దొరికింది. ఇంగ దొరకదు లే" అన్నారు వెళ్ళొస్తామని లేచినప్పుడు. నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ కార్తీకంలో ఆయన పోయారు. పుస్తకం నా దగ్గరే ఉంది. ఎవరికీ వినిపించలేదు. తప్పున్న కృతిని ఇంకో చెవి వినకూడదని ఆయన మాట. శహాన నుంచి ముఖారిలోకి పోయేచోట రెండు స్వరాలు మార్చాలి. ఏ రెండో తెలియక ఆ పేజీ ముందు కూర్చుని ఎన్ని సాయంత్రాలు తిట్టుకున్నానో లెక్కలేదు. అన్నీ ప్రయత్నించాను. అన్నీ బాగానే ఉన్నట్టుంటాయి.

కొన్నేళ్ళ తర్వాత తమ్ముడు ఇంటికొచ్చినప్పుడు అడిగాను. వేలెత్తినప్పుడు ఆయన మొహం ఎలా ఉంది, సంతోషంగా ఉన్నారా, నా మీద కోపంగా ఉన్నారా, పెదాలతో ఏమైనా అన్నారా అని. ఏ చిన్న ఆనవాలు దొరికినా చాలనుకున్నాను.

"మొగం చూడలేదక్కా. ఓరగా వేలు ఒకటే కనపడింది. నా చూపంతా చిన్న తెరలో నీ కండ్ల మీదనే. ఆపొద్దు ఎంత బాగుండాయో నీ కండ్లు, రవంత కూడా పక్కకి పోలేదు" అన్నాడు.

వాడు ఆ మాట మెచ్చుకోలుగానే అన్నాడు.